ఎస్. రాయవరంలో పుట్టిన పంతులు గారు, ఆయన నాటకం

అనకాపల్లి అంటే బెల్లం, ఏటికొప్పాక అంటే లక్క బొమ్మలు, ఎస్. రాయవరం అంటే గురజాడ అప్పారావు గారు. మన ప్రాంతం వారికి ఈ మూడూ తెలిసినవే. అయితే బెల్లం, బొమ్మలు మన ఇళ్లకు వస్తాయి గాని, గురజాడ వారు మాత్రం పిల్లల వాచకంలో ఒక పాఠంగా వచ్చి, పరీక్ష కాగానే వెళ్లిపోతారు. వారి జీవితాన్ని మన సంఘం సావనీరుకు రాస్తామంటే, ఆయనకూ మనకూ ఏమిటి సంబంధమని అడిగేవారు ఉంటారని మాకు తెలుసు. వారు కొంచెం ఓపిక పట్టి చదవాలని మనవి.

ఎస్. రాయవరం అంటే సర్వసిద్ధి రాయవరం. ఒకప్పుడు ఉమ్మడి విశాఖపట్నం జిల్లాలోది, 2022 నుంచి అనకాపల్లి జిల్లాలోది. అక్కడ తల్లి కౌసల్యమ్మ గారి పుట్టింట 1862 సెప్టెంబరు 21న గురజాడ వారు జన్మించారు. తండ్రి వేంకట రామదాసు గారు విజయనగరం సంస్థానంలో ఉద్యోగి. పేష్కారుగా చేశారు, తరువాత చీపురుపల్లిలో ఖిలేదారుగా చేశారు. ఈ ఉద్యోగాల పేర్లు చూడండి! పేష్కారు, ఖిలేదారు. బ్రాహ్మణ కుటుంబం, తెలుగు దేశం, హిందూ సంస్థానం. కచేరీలో మాటలు మాత్రం ఫారసీ, ఉర్దూ. ఆ రోజుల్లో దీన్ని ఎవరూ వింతగా అనుకోలేదు. ఆ మాటలు వింటూ పెరిగిన పిల్లవాడు పెద్దయ్యాక నాటకం రాస్తూ, వకీలు, దస్తావేజు, ఖూనీ లాంటి మాటలను వాటి చోటనే ఉండనిచ్చారు. తీసి అవతల పారేసి సంస్కృతం మాట పెట్టలేదు. ఇది చిన్న సంగతి కాదు. దీని దగ్గరకు మళ్లీ వస్తాము.

చీపురుపల్లిలో మొదటి చదువు. తండ్రి పోయిన తరువాత విజయనగరం చేరారు. అక్కడ మహారాజా వారి కాలేజీ ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రి గారు ఆ కుర్రవాణ్ణి తన ఇంట ఉంచుకొని చదువు చెప్పించారు. ఒక ఉపాధ్యాయుడు ఒక తండ్రి లేని పిల్లవాడికి ఇంట ఇంత చోటు ఇస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద దృష్టాంతం మాకు తెలియదు. మన సంఘం స్కాలర్‌షిప్పు కమిటీ వారు ఈ ముక్క గమనించాలి. 1882లో మెట్రిక్యులేషను, 1884లో ఎఫ్.ఏ., 1886లో బి.ఏ. పూర్తి చేశారు. తత్త్వశాస్త్రం ప్రధాన విషయం, సంస్కృతం తోడు. చదువుకుంటున్న రోజుల్లోనే ఇంగ్లీషులో పద్యాలు రాశారు. సారంగధర కథను ఇంగ్లీషు కావ్యంగా రాస్తే, కలకత్తాలో రయీస్ అండ్ రయ్యత్ అనే పత్రిక నడిపే శంభుచంద్ర ముఖర్జీ గారు దాన్ని మెచ్చి తమ పత్రికలో మళ్లీ వేశారు. వేసి ఊరుకోకుండా, సొంత భాషలో రాయమని సలహా కూడా ఇచ్చారు. ఇంగ్లీషు పత్రిక, బెంగాలీ సంపాదకుడు, పేరు మాత్రం మన మాటలు. రయీసులు, రయ్యతులు ఇద్దరూ చదవాలని పెట్టిన పేరు కాబోలు.

1884లో ఆయన మహారాజా హైస్కూలులో ఉపాధ్యాయుడుగా చేరారు. జీతం 25 రూపాయలు. బి.ఏ. అయ్యాక కొద్దికాలం డిప్యూటీ కలెక్టరు ఆఫీసులో హెడ్ క్లర్కుగా పనిచేశారు. ఆ రోజుల్లో ఆ ఉద్యోగం వదులుకొనే వాడు ఉండడు. అయినా 1887లో వంద రూపాయల జీతం మీద తిరిగి కాలేజీకి లెక్చరరుగా వచ్చేశారు. ఇంగ్లీషు, వ్యాకరణం, సంస్కృతం, అనువాదం, గ్రీకు రోము చరిత్రలు, ఏది అప్పగిస్తే అది చెప్పారు. మా వంటి వారు ఒక్క పీరియడు ఎక్కువ వేస్తే హెడ్మాస్టరు గారి గది ముందు నిలబడతాము, అది వేరే కథ!

ఆ కాలంలో విజయనగరం ప్రభువు ఆనంద గజపతి మహారాజు గారు. విద్య, సంగీతం, నాటకం మూడూ ఇష్టం. ఊళ్లో జగన్నాథ విలాసినీ సభ అనే నాటక సమాజం ఉండేది. పండితులు, ఉద్యోగులు, చదువుకున్న వారు కలిసి సంస్కృత నాటకాలు ఆడేవారు. నాటకం మీద పొట్టపోసుకొనే వారు కారు వీరు. పగలంతా తమ ఉద్యోగం, రాత్రి రిహార్సల్సు. ఇప్పుడు మనం ఔత్సాహిక నాటకం అంటున్నామే, అదే.

ఇక్కడ నాటకాల సంగతి నాలుగు మాటలు చెప్పాలి. తెలుగువారి నాటకం పెరిగింది స్కూళ్లల్లోనే. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులు గారు తన విద్యార్థుల చేతనే నాటకాలు ఆడించారు. ఆయనా ఉపాధ్యాయుడే. ఆ రోజుల్లో ధార్వాడ నాటక కంపెనీ మన కోస్తా పట్టణాలు తిరిగి ఆడుతుంటే, అది చూసి మన వారికి ఉత్సాహం పుట్టింది. ఆ కంపెనీ వారు హిందుస్తానీలోనూ ఆడేవారు. జనం ఎగబడి చూసేవారు. మచిలీపట్నంలో నాదెళ్ల పురుషోత్తమ కవి గారు అది గమనించి, అక్కడి నేషనల్ థియేట్రికల్ సొసైటీ కోసం హిందుస్తానీ భాషలో 32 నాటకాలు రాసిపెట్టారు. రాసిన లిపి తెలుగు, ఆడిన వారు తెలుగువారు, చూసిన వారు తెలుగువారు, భాష మనది! 1880 దశకంలో బందరులో జరిగిన ఈ సంగతి మన ఉర్దూ పాఠశాలల్లో ఏ పుస్తకంలోనూ చెప్పరు. మేమూ చాలా ఆలస్యంగానే తెలుసుకున్నాము. నాటకాలకూ మనకూ సంబంధం లేదనే వారు దీన్ని ఒకసారి ఆలోచించాలి.

విజయనగరానికి తిరిగి వస్తాము. ఉత్తర సర్కారుల్లో బ్రాహ్మణ కుటుంబాల్లో అప్పుడొక ఆచారం ఉండేది. ఆడపిల్లను పెళ్లి చేయడానికి తండ్రి వరుని దగ్గర డబ్బు పుచ్చుకోవడం. అదే కన్యాశుల్కం. డబ్బు ఇవ్వగలిగేది ముసలివారే గనుక, ఆరేళ్ల పిల్లకు అరవై ఏళ్ల మొగుడు. వాడు రెండేళ్లకు పోతే, ఆ పిల్ల బతుకంతా గుండుతో, తెల్ల పంచెతో. మహారాజా వారు దీన్ని ఆపడానికి మద్రాసు శాసనసభలో బిల్లు పెట్టారు గాని అది నెగ్గలేదు. అయినా వారు విశాఖపట్నం జిల్లాలో ఇటువంటి పెళ్లిళ్లు ఎన్ని జరిగాయో లెక్క తీయించారు. మూడు సంవత్సరాల లెక్క. 1,034 పెళ్లిళ్లు తేలాయి. అందులో అయిదేళ్ల పిల్లలవి 99, నాలుగేళ్ల వారివి 44, మూడేళ్ల వారివి 36, రెండేళ్ల వారివి 6, ఏడాది బిడ్డలవి 3. ఆ ఏడాది బిడ్డల ధర తల ఒక్కింటికి 350 నుంచి 400 రూపాయలు. ఈ అంకెలన్నీ గురజాడ వారు తమ నాటకం మొదటి ముద్రణకు రాసిన ఇంగ్లీషు పీఠికలో ఇచ్చారు. ఆ పెళ్లికూతుళ్లకు నడక వచ్చిందో లేదో! ఇరవై అయిదు రూపాయల జీతగాడు పదిహేను నెలలు పనిచేస్తే వచ్చే డబ్బు ఒక ఉయ్యాలలో బిడ్డకు.

వేరే వాడైతే ఈ లెక్కలు పట్టుకొని ఉపన్యాసం ఇచ్చేవాడు. గురజాడ వారు నాటకం రాశారు. చదువుకున్న వారు పుస్తకం చదువుతారు, ఉపన్యాసం వింటారు. ఆ పిల్ల తల్లి ఏం చేస్తుంది? అగ్రహారంలో చదువురాని మేనత్త ఏం చేస్తుంది? వారికి తెలిసేది ఎదుట నిలబడి మాట్లాడే మనిషే. అందుకే ఆయన నాటకంలో ఎవరూ గ్రంథం మాట్లాడరు. ఇంట్లో తల్లి తల్లి మాటే మాట్లాడుతుంది, పల్లెటూరి నౌకరు తన యాసే మాట్లాడతాడు, ఇంగ్లీషు చదివిన గిరీశం రెండు భాషలూ కలిపి దంచుతాడు. 1892 ఆగస్టు 13న విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వారు కన్యాశుల్కం ఆడారు. సంస్కృతం ఆడే సభ, సంస్కృతం వినడానికి అలవాటుపడిన సభ్యులు, వారి ఎదుట వీధిలో మాట్లాడే తెలుగు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు నిండలేదు.

కథ తెలియని పిల్లల కోసం కొంచెం చెబుతాము. అగ్నిహోత్రావధానులు తన పెద్ద కూతురు బుచ్చమ్మను డబ్బు తీసుకొని ముసలివాడికిచ్చి చేసి, చిన్నతనంలోనే విధవను చేశాడు. అయినా బుద్ధి రాలేదు. రెండో కూతురు సుబ్బిని కూడా లుబ్ధావధాన్లనే ముసలివాడికి ఇవ్వడానికి నిశ్చయించాడు. తల్లి వెంకమ్మ నూతిలో దూకబోయింది. మేనమామ కరటక శాస్త్రి ఎలాగైనా ఈ పెళ్లి తప్పించాలని ఒక ఉపాయం పన్నాడు. ఈ కరటక శాస్త్రి ఎవరనుకున్నారు? నాటకాల్లో విదూషకుడి వేషం వేసేవాడు. తన దగ్గర చదువుకొనే కుర్రవాడికి ఆడపిల్ల వేషం కట్టి, తక్కువ ధరకు దొరికే పెళ్లికూతురని చెప్పి లుబ్ధావధాన్లకే పెళ్లి చేయించాడు. ముసలివాడి ఆశ అటు తిరిగింది. సుబ్బి బతికింది. ఆ తరువాత కుర్రవాడు వేషం తీసేసి మాయమయ్యాడు. పెళ్లికూతురు ఏమైందంటూ లుబ్ధావధాన్ల మీద ఖూనీ కేసు పడింది!

గమనించారా! వీరి ఉపదేశం పని చేయలేదు, వారి శాసనం పని చేయలేదు. ఆ ఇంట్లో ఆ పిల్లను కాపాడింది ఒక స్టేజీ నటుడు, ఒక పిల్లవాడు కట్టిన ఆడవేషం. చివరి అంకంలో సౌజన్యారావు పంతులనే వకీలు దగ్గరకు మధురవాణి మగవేషంలో వెళ్లి లుబ్ధావధాన్లను కేసులోంచి తప్పించడానికి దారి చూపుతుంది. మొదట మగపిల్లవాడికి ఆడవేషం, చివర ఆడదానికి మగవేషం. నాటకం వేసేవాళ్లను గురజాడ వారు ఎంత దగ్గరగా చూశారో దీన్నిబట్టి తెలుస్తుంది. విమర్శకులు ఈ నాటకంలో సంఘ సంస్కరణ, హాస్యం, భాష, ఎన్నో చూశారు. మాకు మాత్రం ప్రతిసారీ ఆ కుర్రవాడే కనబడతాడు. చీర కట్టుకొని, తల వంచుకొని, నవ్వు ఆపుకొంటూ పీటల మీద కూర్చున్న స్కూలు కుర్రవాడు. ప్రతి స్కూలు వార్షికోత్సవంలోనూ అటువంటి వాడు ఒకడు ఉంటాడు.

మధురవాణి వేశ్య. మన సావనీరులో ఆమె పేరెందుకని కొందరికి అనిపించవచ్చు. ఆ రోజుల్లోనూ అనిపించింది. అయితే గురజాడ వారు ఆ నాటకంలో సౌజన్యారావును తప్పిస్తే మర్యాద, మాట నిలకడ, దయ ఉన్న మనిషిగా ఆమెనే నిలబెట్టారు. చదువుకున్న గిరీశం సంస్కరణ మాటలు మాట్లాడి విధవరాలిని లేవదీసుకుపోయాడు. ఆమె మాటలు చెప్పకుండా పని చేసింది. మాటల వాడెవడు, పని చేసేవారెవరు అనే తేడా పిల్లలకు చూపించడానికి ఇంతకంటే తేలిక దారి మాకు తోచదు.

నాటకం మొదటి ముద్రణ 1897లో వచ్చింది. ఆనంద గజపతి వారికి అంకితం. అదే సంవత్సరం మహారాజా వారు కాలం చేశారు. ఆ తరువాత గురజాడ వారు వారి సోదరి రీవా మహారాణి గారికి కార్యదర్శిగా పనిచేశారు. సంస్థానం వారసత్వం దావాల కాగితాలు చూస్తూ సంవత్సరాలు గడిచాయి. అంత తీరిక లేని పనిలో ఉండి, 1909లో కన్యాశుల్కాన్ని తిరగరాసి రెండవ ముద్రణ వేశారు. అయిదు అంకాలు ఏడు అంకాలయ్యాయి. మధురవాణి పెరిగింది, గిరీశం పెరిగాడు, వీధులు, దుకాణాలు, కచేరీలు వచ్చాయి. మొత్తం ఆడాలంటే ఒక సాయంత్రం చాలదు. ఆడేవారు కోసుకొని ఆడవలసిందే. పదిహేడేళ్ల కిందట ఆడి మెప్పు పొందిన నాటకాన్ని మళ్లీ మొదటినుంచి రాయడమంటే ఎంత పట్టుదల! మా పిల్లలు ఒక వ్యాసం రెండోసారి రాయమంటే జ్వరం వచ్చిందంటారు.

బిల్హణీయం, కొండుభట్టీయం అని మరి రెండు నాటకాలు మొదలుపెట్టారు గాని పూర్తి కాలేదు. 1910లో దిద్దుబాటు కథ వచ్చింది. చదువురాని భర్త కాదు, చదువుకున్న భర్తే దారి తప్పితే భార్య ఎలా దిద్దిందో చెప్పే కథ. ఆయన కథలు అయిదారుకు మించవు. అందులో ఒకదాన్ని పెద్ద మసీదు అనీ, మతము విమతము అనీ రెండు పేర్లతో చెప్పుకుంటారు. ముత్యాల సరాల పద్యాలు అందరికీ తెలిసినవే గనుక వాటిని వదిలేస్తున్నాము.

ఇక భాష సంగతి. 1906 ప్రాంతంలో మన ఉత్తర జిల్లాల స్కూళ్లకు ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ దొర, పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో తెలుగు ఇంకొకటి ఎందుకున్నాయని అడిగాడు. విజయనగరంలో గురజాడ వారు, ఆయన చిన్ననాటి స్నేహితుడు గిడుగు రామమూర్తి గారు, విశాఖపట్నంలో పి.టి. శ్రీనివాస అయ్యంగారు గారు కలిసి వాడుక భాషను స్కూళ్లలోకి తేవాలని నడుం కట్టారు. 1911లో మద్రాసు విశ్వవిద్యాలయం బోర్డు ఆఫ్ స్టడీస్‌లో గురజాడ వారిని సభ్యుడుగా వేశారు. అక్కడ జయంతి రామయ్య పంతులు గారి వంటి పెద్దలు గ్రాంథికం వైపు నిలిచారు. గురజాడ వారు తమ అసమ్మతిని 1914లో పుస్తకమంత పత్రంగా రాసి ఇచ్చారు. ఆనాడు వారి మాట నెగ్గలేదు.

ఉర్దూ మీడియంలో చెప్పే మాకు ఈ తగాదా పాతకాలపు సంగతిగా కనబడదు. మన పిల్లవాడు ఇంట్లో నక్కో అంటాడు, హౌ అంటాడు. అమ్మీతో, నానీతో అదే భాష. స్కూలుకు రాగానే అది తప్పంటాము. లఖనవూ, ఢిల్లీ వారి పుస్తకం తెరిచి ఇలా మాట్లాడమంటాము. పిల్లవాడు నోరు మూసుకుంటాడు. వీధిలోకి వెళితే తెలుగు, అక్కడ ఇంకో నవ్వులాట. మూడు భాషల మధ్య పిల్లవాడు మూగవాడవుతున్నాడు. వాడికి తెలివి లేక కాదు. అదే పిల్లవాడి చేతికి ఒక వేషం ఇచ్చి, దుకాణదారుగానో, జట్కావాడిగానో, దాదీజాన్‌గానో ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడమంటే గొంతు విప్పుతాడు. మా తరగతిలో ఇది ఒకసారి కాదు, ప్రతి సంవత్సరం చూస్తున్నాము. ఆ తరువాత పుస్తకం ఉర్దూ కూడా వాడికి తొందరగా వస్తుంది. పిల్లవాడి నోట ఉన్న భాషను మొదట మర్యాదగా చూడాలనే సంగతి గురజాడ వారికీ, గిడుగు వారికీ స్కూలు గదిలోనే తట్టి ఉంటుందని మా నమ్మకం.

పెళ్లి సంగతికి వస్తే, మన షరీఅతులో ఆడపిల్లను అమ్మే మాటే లేదని మనం గర్వంగా చెప్పుకుంటాము. నిజమే. నికాకు అమ్మాయి ఒప్పుదల కావాలి, మెహర్ అమ్మాయి సొంతం, తండ్రి దాన్ని ముట్టడానికి వీల్లేదు. విధవరాలి పెళ్లి మన దగ్గర తప్పు కాదు, సున్నతు. కన్యాశుల్కం చదివి ఇది వారి దురాచారమని పక్కన పెట్టడం తేలిక. అయితే మన మొహల్లాలో పెళ్లి మాటలు ఏవిధంగా నడుస్తున్నాయి? మెహర్ కాగితం మీద రాస్తారు, చెల్లించేది ఎప్పుడో తెలియదు. జోడా డబ్బు మాత్రం పెళ్లికి ముందే లెక్కపెట్టి తీసుకుంటారు. ఆపైన బండి, ఫ్రిజ్, పాతికమందికి అనుకున్న వలీమాకు అయిదువందల మంది. 1961 వరకట్న నిషేధ చట్టం మెహర్‌ను కట్నం కాదని విడిగా చెప్పింది. జోడా డబ్బుకు ఆ మినహాయింపు లేదు. ఈ సంగతి మన పెళ్లిపెద్దల్లో ఎందరికి తెలుసు? అప్పుడు డబ్బు అటునుంచి ఇటు వచ్చేది, ఇప్పుడు ఇటునుంచి అటు వెళుతోంది. మధ్యలో పిల్లను అడిగే వారు అప్పుడూ లేరు, ఇప్పుడూ తక్కువే. చిన్నతనంలో భర్త పోయిన ఆడపిల్లలు మన ఇళ్లలో కూడా అన్నదమ్ముల పంచన, మిషను కుట్టుకుంటూ కూర్చొని ఉన్నారు. సున్నతు అని చెప్పే వారిలో ఎందరు వారికి సంబంధాలు చూశారు?

ఇది జుమ్మా రోజు తఖరీరులో చెబితే తల ఊపి ఇంటికి పోతాము. అదే మన పిల్లలు స్టేజీ మీద పెళ్లిమాటల దృశ్యం వేసి, ఒకడు తస్బీ తిప్పుతూనే ఫ్రిజ్ ఎన్ని లీటర్లని అడిగితే, ముందు నవ్వుతాము, తరువాత పక్కవాడి ముఖం చూడలేక తల దించుకుంటాము. విజయనగరం అగ్రహారీకులకు 1892లో జరిగింది ఇదేనని మా ఊహ.

మన బుజుర్గుల్లో నాటకమంటే ఇష్టపడని వారు ఉన్నారు. వారి అభ్యంతరం మేము తేలికగా తీసిపారేయము. ఆటపాటల పేరుతో సినిమా పాటలకు చిన్నపిల్లల చేత గంతులు వేయించడం మాకూ నచ్చదు. నమాజు వేళ రిహార్సల్సు పెట్టడమూ నచ్చదు. అయితే ఒక మంచి మాటను నలుగురిలో భయం లేకుండా, స్పష్టంగా పలకడం నేర్పించేది కూడా నాటకమే. ఆడపిల్లలకు వేషాలు వద్దనుకుంటే, చదివి వినిపించే నాటకం ఉంది, తెర వెనక ప్రాంప్టింగు ఉంది, రాయడం ఉంది. సంభాషణలు రాయమంటే మా స్కూలులో ఆడపిల్లలే బాగా రాస్తారు. ఇళ్లల్లో ఎవరు ఏమంటున్నారో వారికే బాగా తెలుసు మరి!

గురజాడ వారు 1913లో ఉద్యోగం విరమించారు. మద్రాసు విశ్వవిద్యాలయం ఫెలోగా గౌరవించింది. ఆరోగ్యం ఎప్పుడూ అంతంతమాత్రమే. 1915 నవంబరు 30న విజయనగరంలో కాలం చేశారు. వయసు 53. వాడుక భాష స్కూళ్లలోకి రావడం ఆయన చూడలేదు. గిడుగు వారు ఆ పోరాటాన్ని ఇంకో పాతికేళ్లు నడిపారు.

నాటకం మాత్రం ఆగలేదు. 1955లో పి. పుల్లయ్య గారు సినిమాగా తీశారు. ఎన్.టి. రామారావు గారు గిరీశం, సావిత్రి గారు మధురవాణి. అంతకంటే మాకు ముఖ్యంగా తోచేది ఔత్సాహికుల పని. జె.వి. రమణమూర్తి గారు 1950 దశకంలో విజయనగరంలో కన్యాశుల్కాన్ని కొన్ని గంటలకు కుదించి, తానే దర్శకత్వం వహించి, తానే గిరీశం వేషం కట్టి ఆడారు. ఆపైన దశాబ్దాల తరబడి ఊరూరా ఆడుతూనే ఉన్నారు. ఆయన అన్నగారు సోమయాజులు గారు ప్రభుత్వోద్యోగం చేస్తూ, అందులో డిప్యూటీ కలెక్టరు దాకా ఎదిగినవారు. సాయంత్రం కాగానే రామప్ప పంతులు వేషానికి తయారు. కోర్టు పక్షి, కుట్రలవాడు, నోరు తెరిస్తే అబద్ధం, అటువంటి వేషం. 1980లో శంకరాభరణం సినిమా వచ్చి, ఆ మనిషే శంకరశాస్త్రిగా తెర మీద నిలబడితే తెలుగు దేశమంతా చేతులెత్తి దండం పెట్టింది. మన ఇళ్లల్లోనూ చూడని వారు లేరు. రామప్ప పంతులును చూసినవారు మాత్రం ఆయన ముఖంలో ఆ పాత కొంటెతనం కోసం ఒక్క క్షణం వెతికి ఉంటారు.

విజయనగరంలో గురజాడ వారి ఇల్లు స్మారకంగా నిలిచి ఉంది. రాయవరం చూడాలనుకునే పిల్లలను జాతీయ రహదారి మీద అడ్డురోడ్డు దగ్గర దింపుకొని తీసుకువెళ్లవచ్చు. సెలవుల్లో మన సంఘం బస్సు మాట్లాడితే తరగతిలో కరటక శాస్త్రి వేషానికి పోటీపడుతున్న నలుగురినీ ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకువెళతాము. ఆ చీర కట్టే కుర్రవాడి వేషానికి మాత్రం ఇంకా ఎవరూ ముందుకు రాలేదు.